రాయి తగలకుండా చింతామణికి ఒక పడవ

పడవను నీళ్ళ మీద నడపడం మా ఇంట్లో ఎవరికీ నేర్పనక్కరలేదు. రోడ్డు మీద నడపడమే మాకు రాదు. ఆ సంగతి బాగేపల్లి చేరాక గానీ తెలియలేదు.

మాది యానాం అవతల, గోదావరి పాయ ఒడ్డున ఒక రేకుల షెడ్డు. ఫైబర్ పడవలు చేస్తాం. అచ్చులో మొట్టమొదట మెరుపు పూత పూసేదీ, పడవ బయటికి వచ్చాక దాన్ని అద్దంలా రుద్దేదీ మా అక్క భానుమతి. మధ్యలో నార పరిచి, రసాయనం పట్టించి, ఒళ్ళంతా దురద పెట్టించుకునేది నేను. పడవ అందం ఆ పూతలోనే ఉంది, ఆయుష్షు కూడా అందులోనే ఉంది. గోరంత పెచ్చు లేచినా చాలు, లోపలి నార నీళ్ళు పీల్చడం మొదలుపెడుతుంది. అందుకే మా షెడ్డులో పిల్లి కూడా గోళ్ళు దాచుకుని నడుస్తుంది.

చింతామణి అవతల ఒక పల్లెలో ఆడవాళ్ళ సంఘం ఒకటి చెరువులో చేపల హక్కు వేలంలో పాడుకుంది. వాళ్ళకి పడవ కావాలి. సంఘం పెద్ద రత్నమ్మ ఫోన్‌లో ఒక్కటే షరతు పెట్టింది. “నున్నగా ఉండల్లమ్మా. ఆడోళ్ళకి చెరువెందుకని మా ఊరి మొగోళ్ళు నవ్వుతాండారు. యాడన్నా ఒగ గీత కనపడితే చాలు, దాన్నే పట్టుకుంటారు.” ఆ మాట అక్క మనసులో నాటుకుంది. నీలం పూత మామూలు కన్నా మందంగా వేసింది, మామూలు కన్నా ఎక్కువ రోజులు రుద్దింది.

లారీ సమయానికి కుదరలేదు. సరే, మనమే పికప్ బండి వెనక ట్రైలర్ తగిలించి లాక్కుపోదాం అన్నాను నేను. బండి నడిపింది మాత్రం అక్కే. వెనక ట్రైలర్ ఉన్నప్పుడు నేను రివర్సు చేస్తే బండి ఒక ఊరికీ పడవ ఇంకో ఊరికీ పోతాయి. ఇన్నేళ్ళలో తను రుద్దిన పడవలన్నీ లారీలెక్కి వెళ్ళిపోయాయి తప్ప, ఒక్కటి కూడా పరాయి ఊరి నీళ్ళలో దిగడం అక్క చూడలేదు. ఈసారి చూస్తానంది.

రాళ్ళు తగలకుండా పడవకి ముసుగు వేసింది కూడా నేనే. కొత్త టార్పాలిన్, పచ్చగా నిగనిగలాడుతూ ఉంది. ఇంతకన్నా ఏం కావాలన్నాను.

బాగేపల్లి

కర్ణాటక రాగానే బోర్డులు కన్నడంలోకి మారాయి గానీ మనుషులు తెలుగులోనే ఉండిపోయారు. కన్నడ అక్షరం తలకట్టు కొంచెం పక్కకి దువ్వుకున్న తెలుగు అక్షరంలా ఉంటుంది. నేను ప్రతి బోర్డూ కూడబలుక్కుని పైకి చదువుతుంటే, ఒకటో తరగతి పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నట్టుందని అక్క విసుక్కుంది.

టిఫిన్ కోసం ఒక హోటల్ ముందు ఆపాం. బండి ఆగిందో లేదో జనం పోగయ్యారు. మా వైపు పడవంటే సైకిల్ లాంటిది. ఇంటి ముందు ఉంటుంది, ఎవరూ తలెత్తి చూడరు. ఇక్కడ మాత్రం పెళ్ళికొడుకు దిగినట్టు చుట్టూ తిరిగి చూశారు. ఒకరు వేలితో తట్టి చూశారు, ఇంకొకరు పక్కన నిలబడి ఫోటో తీసుకున్నారు. హోటల్ యజమాని శ్రీరాములప్ప గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు.

“ఇది యాడికప్పా పోతాండేది?”

“చింతామణికండి.”

“చింతామణికి సముద్రం ఎప్పుడొచ్చె?”

అందరూ నవ్వారు. మా గోదావరి మాట కూడా వాళ్ళకి వేడుకగానే ఉంది. మాటకొక అండి తగిలిస్తుంటే మీ ఊర్లో అండీలు అరిగిపోవా అని అడిగాడాయన. ఇక్కడ మగవాళ్ళందరూ అప్ప, ఆడవాళ్ళందరూ అమ్మ. ఒక్క పూటలో నేను సూరప్పనైపోయాను. ఇంటి దగ్గర అందరూ సూరిబాబూ అని సాగదీసి పిలిచే పేరు అంత పొట్టిగా తయారైతే, తల క్షవరం చేయించుకున్నంత తేలిగ్గా అనిపించింది.

దోసెలు బాగున్నాయి. కాఫీ పదిహేను రూపాయలు, గ్లాసు మాత్రం బొటనవేలంత. ఆ కాఫీ చేత్తో పట్టుకునే అక్క టార్పాలిన్ తాడు విప్పింది.

పడవ ముక్కు మీద మెరుపు లేదు. టార్పాలిన్ దారి పొడుగునా గాలికి కొట్టుకుంటూ, తన మడతల్లో దూరిన ఇసుకతో ముక్కుని గరుకు కాగితంలా రుద్దిపెట్టింది. అది చాలదన్నట్టు కింద, ముక్కుకి అటూ ఇటూ ఉండే రెండు బుగ్గల మీదా చిన్న చిన్న పెచ్చులు లేచి తెల్లగా కనిపిస్తున్నాయి. ముసుగుని చీల్చుకుని మరీ కొట్టాయి రాళ్ళు.

అక్కకి కోపం వస్తే అరవదు, పని మొదలుపెడుతుంది. కాఫీ నా చేతిలో పెట్టి, సీటు కింద నుంచి పెట్టె లాగి, అక్కడే హోటల్ ముందు గొంతుకూర్చుని, ముక్కుని మళ్ళీ మెరిసేదాకా రుద్ది, పెచ్చులు పూడ్చడం మొదలుపెట్టింది. పూత ఎండడానికి ఎండ కావాలి. ఆ చలికాలపు ఎండ పాకుతూ పాకుతూ మా దాకా వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఈలోగా బాగేపల్లి అంతా సలహాలిచ్చింది. ముక్కుకి అరటిబోదె కట్టమన్నారు. గోనెల్లో వరిగడ్డి కూరి కట్టమని ఇంకొకరు. పేడ మందంగా అలికితే ఏ రాయీ దిగదని ఒక పెద్దాయన, తన ఇంటి గోడనే సాక్ష్యం చూపించాడు. పడవను వెనక్కి తిప్పి కట్టండి, తగిలితే పిర్రలకి తగులుతుంది, మొహం బాగుంటుంది కదా అన్నాడు శ్రీరాములప్ప. అది మాత్రం నాకు నచ్చింది గానీ, అక్క మొహం చూసి పైకి చెప్పలేదు.

పూత ఆరేలోపు అక్క పికప్ వెనక చక్రం దగ్గర కూర్చుని, టైరు గాట్లలోకి స్క్రూడ్రైవర్ దూర్చి ఏదో పెకలించింది. పెసరగింజంత కంకర. పక్క గాట్లో ఇంకొకటి.

“ఒరేయ్ సూరీ, దారంతా ఎదురొచ్చే లారీలని తిట్టుకుంటూ వచ్చాం. రాళ్ళు విసిరింది మన బండేరా,” అంది.

వచ్చి చూశాను. పెచ్చులన్నీ సరిగ్గా మా వెనక చక్రాల వరుసలోనే, కింది భాగంలోనే ఉన్నాయి. ముసుగు వేయాల్సింది పడవకి కాదు, మా టైర్లకి. బండి వెనక, పడవ ముందు, నేల దాకా వేలాడే గట్టి తెర ఏదైనా కావాలంది అక్క. గుడ్డ పనికిరాదు. రేకైతే మోత. రబ్బరు కావాలి.

రాగిపిండి మూట సైకిల్‌కి కట్టుకుంటూ ఇదంతా వింటున్న ఒక రైతు అప్పుడు నోరు విప్పాడు. పేరు వెంకటరవణప్ప, ఊరు పాతపాళ్య. కంకర ఆడించే క్రషర్లలో రాళ్ళు మోసే బెల్టు పాతబడితే తీసి పడేస్తారనీ, రాళ్ళు మోసీ మోసీ చావని రబ్బరు అదనీ చెప్పాడు. ఒక ముక్క తన దగ్గర ఉందట. ఎక్కడ ఉందని అడిగాను.

“మా ఎనుము కాళ్ళ కింద ఉండాది,” అన్నాడు.

పాతపాళ్య

సైకిల్‌నీ ఆయన్నీ పికప్‌లో ఎక్కించుకుని వెళ్ళాం. నేరుగా చింతామణికి అటునుంచే చేళూరు మీదుగా దారి ఉంది గానీ, అక్కడక్కడా రోడ్డు తవ్వి కంకర పోశారని, మళ్ళీ వెనక్కి వచ్చి హైవే పట్టుకుని చిక్కబళ్ళాపురం మీదుగా పొమ్మన్నాడు వెంకటరవణప్ప. రాళ్ళకి భయపడి ఊళ్ళు చుట్టి పోవడం అప్పటినుంచే మొదలైంది.

కోసేసిన వేరుశనగ చేలు, మధ్యలో ఏనుగులు కూర్చున్నట్టు గుండ్రటి బండలు. నీళ్ళు లేని చోట ఇంత ఆకాశం ఉంటుందని మా కోనసీమలో ఎవరికీ తెలియదు. మాకు కొబ్బరి మట్టల సందుల్లో కనిపించేంతే ఆకాశం.

గొడ్లపాకలో నల్లటి బెల్టు ముక్క, తలుపంత ఉంది, దాని మీద గేదె. ఆ గేదె లేవనంది. వెంకటరవణప్ప తోక మెలిపెట్టాడు, నేను ముందు నుంచి గడ్డి చూపించాను. గడ్డి తింది గానీ అడుగు వేయలేదు. చివరికి అక్క వెళ్ళి దాని గంగడోలు నిమురుతూ, పనికిరాని తమ్ముడితో మాట్లాడినట్టు మెల్లగా ఏదో చెప్పింది. లేచి పక్కకి జరిగింది.

బెల్టుని ఎంత కడిగినా ఒక వాసన మాత్రం పోలేదు. ఆ వాసన మాతోపాటు చింతామణి దాకా వచ్చింది. రంపానికి సబ్బునీళ్ళు రాస్తే రబ్బరు తెగుతుంది. కొలతకి కోసి, ఇనప గొట్టానికి వేలాడదీసి బండి వెనక బిగించాం. గాలికి లేవకుండా అడుగున పాత గొలుసు ఒకటి కట్టింది అక్క.

ఆ పనిలో ఉండగానే వెంకటరవణప్ప భార్య లక్ష్మిదేవమ్మ అన్నానికి పిలిచింది. రాగి సంగటి ముద్ద, పితికిపప్పు పులుసు. అనపకాయల కాలం కదా, గింజలు నానబెట్టి తోలు పితికి తీసిన పప్పది. నేను సంగటి నోట్లో పెట్టుకుని నమిలాను. ఇంటిల్లిపాదీ చేతులు ఆపి నావైపు చూశారు. నమలకూడదట. పులుసులో ముంచి, జారవిడవాలి. రెండో ముద్దకి నాకు కిటుకు తెలిసింది, మూడో ముద్దకి లేవలేకపోయాను. మా ఇంట్లో అన్నం మెత్తగా ఉడికితే గొడవ చేసే అక్క కిక్కురుమనకుండా రెండు ముద్దలు తినేసింది.

బెల్టుకి ఎంతివ్వమంటారని అడిగితే ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. గేదెని ఇంకో ముక్క మీద పడుకోబెడతానన్నాడు. కాసేపు గొణిగి, అసలు మాట బయటపెట్టాడు. వాళ్ళమ్మకి ఎనభై దాటాయి, ఇంతవరకూ పడవ ఎక్కలేదు. ఇక్కడ ఎక్కడానికి పడవేదీ? ఒకసారి కూర్చోబెట్టి వీధి చివరిదాకా తిప్పుతారా అని అడిగాడు.

ఆయన తల్లి అక్కాయమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. మంచం వేసి ఎక్కించాం. లోపల పలక మీద మనవరాలు పక్కనే పట్టుకుని కూర్చుంది. ఆవిడ రెండు చేతులా అంచులు పట్టుకుని నిటారుగా కూర్చుంటే అక్క నడక వేగంతో బండి పోనిచ్చింది. వీధిలో ఎవరో తోడొచ్చారు, ఎవరో పువ్వులు వేశారు. నేను వెనక నడుస్తూ, మా ఊళ్ళో ఇన్ని పడవలు నీళ్ళలోకి దిగాయి గానీ ఒక్కదానికీ ఇంత ఊరేగింపు జరగలేదే అనుకున్నాను. దిగాక ఎట్లుందమ్మా అని అడిగాడు కొడుకు. ఆవిడ బాగా ఆలోచించింది.

“ఎద్దులబండే మేలప్పా. దీంట్లో కాళ్ళు చాపుకోనీకి తావు లేదు.”

చిక్కబళ్ళాపురం

హైవే ఎక్కాక వెనక నుంచి వేరుశనక్కాయలు వేయించినట్టు టపటపా చప్పుడు. మా టైర్లు విసిరే ప్రతి రాయీ బెల్టుకి తగిలి కింద రాలిపోతోంది. అక్క ఆ చప్పుడు పాట విన్నట్టు వింది. మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గర మాత్రం బెల్టు అంచు బరబరా నేలకి రాసుకుని గొలుసు తెగిపోయింది. ఆగి, అడుగు భాగం జానెడు కోసేసి, మళ్ళీ కట్టాం. చేతులకి ఆ గేదె వాసన మళ్ళీ అంటుకుంది.

పేరేసంద్ర దాటాక కొత్త చిక్కు వచ్చింది. కొండలు చెక్కిన కంకర నింపుకుని టిప్పర్లు వరసగా పోతున్నాయి. గతుకు వచ్చినప్పుడల్లా వాటి పైనుంచి పిడికెడు రాళ్ళు జలజలా రాలుతున్నాయి. పైనుంచి పడే రాయికి కింద వేలాడే బెల్టు ఏం చేస్తుంది? అక్క వేగం తగ్గించి, వాటికి దూరంగా వెనకబడి, ఎడ్లబండిలా నడిపింది. మా వెనక హారన్‌ల కచేరీ.

చిక్కబళ్ళాపురంలో బస చేశాం. పొద్దున్నే పూల మార్కెట్‌కి వెళితే అక్క ఇక రానంది. చామంతులు పసుపు, తెలుపు, ఊదా రంగుల్లో గుట్టలు. మా దగ్గర మూర చొప్పున కొలిచే మాలలు ఇక్కడ రెండు చేతులూ బార్లా చాచి మారు చొప్పున కొలుస్తారు. పొడుగు చేతుల మనిషి ఎవరున్నారా అని అక్క అంగళ్ళన్నీ తిరిగి, తాటిచెట్టులాంటి ఒకాయన దగ్గర ఒక మారు కొంది. నలభై రూపాయలు. మా మూరల లెక్కలో చూసుకుంటే కారుచౌక. ఆయన చెయ్యి చాచిన ప్రతిసారీ పక్కంగడి పొట్టాయన మొహం తిప్పుకుంటున్నాడు.

పడవ మొహానికి ఏదైనా చేయాలి. వదులుగా ఉండేది ఏదీ దాన్ని తాకకూడదని టార్పాలిన్ నేర్పింది. ఒంటికి అంటుకుని ఉండాలి, మందంగా ఉండాలి, తర్వాత కడిగితే పోవాలి. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. గోడలకి పోస్టర్లు అంటించే మైదా జిగురు. పాత పేపర్లు పొర మీద పొర అంటిస్తే అట్ట కవచం తయారవుతుంది, చెరువులో దించగానే కరిగిపోతుంది. అక్క నావైపు చాలాసేపు చూసింది. ఈ దారిలో మొదటిసారి నన్ను తప్పుపట్టడానికి ఆవిడకి ఏమీ దొరకలేదు.

బసకి ఆనుకుని ఉన్న బేకరీ ఆయన మైదా ఇచ్చాడు, తన పొయ్యి మీదే ఉడికించుకోనిచ్చాడు. పాత కన్నడ పేపర్లు కూడా ఆయనవే. కాస్త చేవ ఉంటుందని కొంచెం చక్కెర కూడా వేయమన్నాడు. అది ఎందుకో నేను అడగలేదు. వేశాను. మధ్యాహ్నానికి పడవ ముక్కు నుంచి రెండు బుగ్గల దాకా ఎండి గట్టిపడిన కాగితపు కవచం. కుడి బుగ్గ మీద ఎవరో నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు, ఎడమ బుగ్గ మీద సైట్ల ప్రకటన. ఒకాయన స్కూటర్ ఆపి, నిలబడి ప్రకటన అంతా చదువుకుని, చదరపు అడుగు ధర ఎక్కువన్నాడు.

శిడ్లఘట్ట

శిడ్లఘట్ట పట్టు ఊరు. పట్టుగూళ్ళ బస్తాలు ఆటోల్లో, స్కూటర్ల మీద, భుజాల మీద పోతూనే ఉంటాయి. ఉడికిన గూళ్ళ వాసన ఊరంతా కమ్ముకుని ఉంటుంది. గేదె వాసనకి అలవాటుపడిన మాకు అదేమంత కష్టం అనిపించలేదు. కవచం తొడిగిన పడవని ఒక వీధిలో ఆపి భోజనానికి వెళ్ళాం. నేను హుషారుగా ఉన్నాను. ఈ కాగితం కవచం సంగతి మన పడవల వాళ్ళందరికీ చెప్పాలని, దీనికొక పేరు కూడా పెట్టాలని అక్కతో అంటూ ఒబ్బట్టు మీద నెయ్యి వేయించుకున్నాను.

తిరిగొచ్చేసరికి ఒక ఆవు, ఎర్రది, ఎడమ బుగ్గ మీది సైట్ల ప్రకటన ఆఖరి ముక్క నముల్తోంది.

మైదా, చక్కెర, కాగితం. దానికి పెళ్ళి భోజనం. పూతకి మాత్రం ఒక్క గీత పడలేదు, నాలుకతో శుభ్రంగా నాకి మెరిపించింది. కుడివైపు నాయకుడి దాకా ఇంకా రాలేదు. నేను హేయ్ అని చెయ్యి ఎత్తేలోపు ఆ ఆవు యజమానురాలు ఇంట్లోంచి వచ్చింది. కొట్టకండన్నది మొదటి మాట. రెండో మాట మమ్మల్ని అక్కడే నిలబెట్టింది.

“దానికి కడుపుబ్బితే ఎవరప్పా జవాబు?”

నిజమే కదా. ఆవిడ ఆవుకి బెల్లం, వాము నీళ్ళు తాగించింది. మేము అరుగు మీద కూర్చుని ఆవునే చూస్తూ ఉన్నాం. అది మమ్మల్ని చూస్తూ ఉంది. చింతామణిలో రత్నమ్మ ఎదురుచూస్తోంది, ఫోన్ మోగుతోంది. ఎక్కడున్నారంటే ఏం చెప్పాలి? ఆవు అరగాలని కూర్చున్నాం అని అక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది. అవతల నుంచి ఒక్కసారిగా పది గొంతుల నవ్వు.

చాలాసేపటికి ఆవు పడుకుంది, మెల్లగా దవడ కదిపింది. యజమానురాలు దగ్గరికెళ్ళి చూసి మావైపు తిరిగింది.

“నెమరేస్తాంది. ఇంగ పోండి.”

దారిలో అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ బండి పక్కకి ఆపుకుంది. నేను కూడా నవ్వాను గానీ, కవచానికి పేరు పెట్టే ఆలోచన మాత్రం విరమించుకున్నాను.

చింతామణి దాటాక

ఊరి పేరు రాయొద్దని రత్నమ్మ మాట తీసుకుంది. రాస్తే చూడ్డానికి జనమొచ్చి చేపల్ని బెదరగొడతారట. చింతామణిలోనే ఆవిడ మోపెడ్ మీద ఎదురొచ్చి ముందు దారి చూపించింది. సన్నటి మనిషి, పెద్ద గొంతు. వెనక్కి చూడకుండానే మాతో మాట్లాడుతూ నడిపింది. గాలికి సగం మాటలే మాకు అందాయి, తక్కిన సగానికి అక్క ఊకొట్టింది.

చెరువుకట్ట కనిపిస్తోంది. కట్ట మీద వరసగా జనం కనిపిస్తున్నారు. కట్టకీ మాకూ మధ్య మాత్రం రోడ్డు లేదు. తారు వేయడానికి ముందు పరిచే కంకర, ఒక్కొక్కటి కోడిగుడ్డంత, కొత్తగా పోసి వదిలేశారు. రోలర్ ఇంకా తిరగలేదు. అక్క బండి ఆపి దిగి, ఆ రాళ్ళ మీద నాలుగడుగులు నడిచి చూసింది. చక్రం కింద అవి పిడుగుల్లా లేస్తాయి. బెల్టుకి ఆగవు, ట్రైలర్ ఎగిరెగిరి పడుతుంది, పైగా పడవ ఎడమ బుగ్గ మీద కవచం లేదు. ఇంత దూరం వచ్చి చూపుమేర దూరంలో ఆగిపోయాం. అక్క మొహం పాలిపోయింది. కట్ట మీద మగవాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

రోలర్ వచ్చేదాకా ఆగుదామా అన్నాను. రత్నమ్మ నన్ను చూడలేదు, అక్కనడిగింది.

“ఎంత బరువుంటాదమ్మా ఇది?”

మనుషులు మోయగలిగినంతే అంది అక్క. రత్నమ్మ కట్టవైపు తిరిగి ఒక్క కేక వేసింది. అక్కడ మగవాళ్ళ వెనక నుంచి సంఘం ఆడవాళ్ళు దిగి వచ్చారు, కొంగులు దోపుకుంటూ, చెప్పులు లేని పాదాలు కూడా కొన్ని. ఎక్కడ పట్టుకోవాలో అక్క చూపించింది. అంచుల కింద భుజాలు పెట్టి, ఒక్క ఊపుతో లేపారు. నీలం పడవ ఆడవాళ్ళ భుజాల మీద, ఆ రాళ్ళకి అందనంత ఎత్తున, చెరువు వైపు నడిచింది. అక్క కూడా ఒక పక్క భుజం పెట్టింది. రాళ్ళ మీద కాళ్ళు తడబడకుండా ఎవరో పాట ఎత్తుకున్నారు. నాట్లు వేసేటప్పటి పాటట. సగం తెలుగు, సగం కన్నడం, అడుగు మాత్రం ఒకటే.

అప్పుడు కట్ట మీది మగవాళ్ళు కొందరు దిగి, మేమూ ఒక చెయ్యి వేస్తాం అంటూ వచ్చారు. రత్నమ్మ వద్దనలేదు. ఖాళీ ట్రైలర్ చూపించింది. వాళ్ళు దాన్ని ఎత్తుకుని వెనక వచ్చారు. గేదె వాసన బెల్టు ఒకటి మిగిలితే అది నేను మోశాను.

చెరువు

నిండు చెరువు. మా గోదావరి ముందు ఇదెంత అనుకుంటానేమో అనుకున్నాను, అనుకోలేదు. ఎర్రటి కట్ట, దూరంగా బండరాళ్ళ గుట్ట, ఆ గుట్ట నీడ నీళ్ళలో తలకిందులుగా ఉంది. అక్క పడవ చుట్టూ తిరిగి, వంగి, చేత్తో తడిమి చూసింది. కాగితం కప్పని చోట ఎక్కడా ఒక్క గీత లేదు. ఒక పెద్దమనిషి కళ్ళద్దాలు సరిచేసుకుని మరీ వెతికాడు. ఏమీ దొరక్క, రంగు బాగుండాదని ఒప్పుకుని లేచాడు.

పసుపు, కుంకుమ, చామంతుల మారు, కొబ్బరికాయ అన్నీ అయ్యాక పడవ నీళ్ళలోకి జారింది. కుడి బుగ్గ మీది నాయకుడు చేతులు జోడించిన వాడు జోడించినట్టే కరిగిపోయాడు. రత్నమ్మ ఎక్కింది. చౌడమ్మ అని సంఘంలో అందరికన్నా పెద్దావిడ ఎక్కింది. తెడ్డు ఎలా వేయాలో నేర్పడానికి అక్క ఎక్కింది. ఒడ్డున నాకు ఫోటోలు తీసే పని అప్పగించారు.

రత్నమ్మకి తెడ్డు రెండు నిమిషాల్లో పట్టుబడింది. అంతకన్నా వేగంగా ధైర్యం పట్టుబడింది. కట్ట మీది జనం చూస్తున్నారు కదా, నాలుగు బలమైన పోట్లు వేసింది. పడవ బాణంలా దూసుకుపోయింది. ఇక్కడి నేలంతా బండలే, చెరువు అడుగున మాత్రం ఎందుకుండవు? నీళ్ళకింద జానెడు లోతులో ఉన్న ఒక బండని పడవ ముక్కు పెట్టి గుద్దింది. ఆ చప్పుడు ఒడ్డుదాకా వినిపించింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఒడ్డుకి లాగి చూస్తే ముక్కు పక్కన రూపాయి బిళ్ళంత పెచ్చు లేచి, లోపలి నార తెల్లగా కనిపిస్తోంది. కట్ట మీద ఎవరో ఫక్కుమన్నారు. రత్నమ్మ ఆ దెబ్బ వైపు చూడలేక తెడ్డు వైపు చూస్తోంది. అక్క నేల చూపులు చూస్తోంది. వెయ్యి కిలోమీటర్ల దారిలో కాచుకొచ్చిన నునుపు. నేను ఫోటోలు ఆపి ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

చౌడమ్మ వంగి పెచ్చు మీద వేలు పెట్టి చూసింది.

“ఇంత సక్కనిదానికి ఒగ దిష్టిచుక్క ఉండల్ల కదమ్మా. అదే పెట్టించుకునింది.”

అక్క తలెత్తింది. దిష్టిచుక్క అయినా సరే నీళ్ళు పీల్చకూడదంది. గొంతులో మళ్ళీ పని వినిపించింది. పొద్దున్నే తిరుగు ప్రయాణం అనుకున్నవాళ్ళం, ఎవరూ అడగకుండానే ఆగిపోయాం. ఆ రాత్రి రత్నమ్మ ఇంట్లో చేపల పులుసు. చెరువులో చేపలింకా వేలెడంతే, ఇవి చింతామణి సంతలో కొన్నవని ఆవిడే నవ్వుతూ ఒప్పుకుంది.

మర్నాడు ఎండెక్కాక సంఘమంతా చుట్టూ కూర్చుంటే అక్క ఆ పెచ్చు అంచులు రుద్ది, నార ముక్క పెట్టి, రసాయనం పట్టించి, ఎలా పూడ్చాలో ఒక్కొక్కరి చేత చేయించింది. రాళ్ళ చెరువు, మళ్ళీ మళ్ళీ తగులుతుంది, మీరే చేసుకోవాలంది. ఇక పైపూత ఒక్కటి మిగిలింది. నీలం రంగు డబ్బా తిరగేస్తే చుక్క లేదు, బాగేపల్లిలోనే అయిపోయింది. పెట్టెలో ఉన్నది పడవకి నంబరు రాసే నల్లరంగు ఒక్కటే. మా అక్క ఒక రంగు మీద ఇంకో రంగు మచ్చ పడితే పడవ మొత్తం మళ్ళీ రుద్దే మనిషి. ఆ డబ్బా చేత్తో పట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత పూతలో నలుపు కలిపి, మోకాళ్ళ మీద వంగి, వేలితోనే పెట్టింది.

“ఇంగ కొంచెం గుండ్రంగా పెట్టమ్మా,” అంది చౌడమ్మ.

పెట్టింది. నీలం బుగ్గ మీద నల్లటి, గుండ్రటి చుక్క. అందరూ లేచి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు. చౌడమ్మ ముందుకొచ్చి రెండు చేతులూ చాచింది. పడవకి దిష్టి తీస్తుందనుకుని నేను ఫోన్ కెమెరా తెరిచాను. ఆవిడ పడవని దాటుకుని వెళ్ళి, ఇంకా మోకాళ్ళ మీదే ఉన్న మా అక్క చెంపలు రెండూ నిమిరి, తన కణతలకి ఆనించి టపటపా మెటికలు విరిచింది.